నీళ్లు కట్టేసింది ఎవరు?

"మీ పూల్‌కి మొత్తం ఎంతయింది?" అని అడిగాను.

ఎడారి మధ్యలో ఉన్న మా మీసా ఊళ్లో పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్న మగవాణ్ణి ఆ మాట అడిగితే ఏడుపైనా వస్తుంది, గొప్పలైనా వస్తాయి. వెండెల్ క్రౌడర్‌కి రెండూ కలిసి వచ్చాయి.

"డెబ్భై ఒక్క వేల డాలర్లు, మేడమ్! మొదట యాభై ఎనిమిదే అన్నారు. అక్కణ్ణించి మొదలైంది నా ఖర్మ. తవ్వే యంత్రం లోపలికి రావాలంటే పక్కగోడ పడగొట్టాలన్నారు. పడగొట్టడానికో రేటు, మళ్లీ కట్టడానికో రేటు. గ్యాసు పైపు అడ్డొచ్చింది, జరిపారు. చుట్టూ కంచె లేకపోతే అనుమతి ఇవ్వమన్నారు, వేయించాను. ఇంతలో మా ఆవిడ టైల్స్ కొట్టుకెళ్లి నెమలిరంగు కావాలంది. ఆ రంగుకి ధర వేరేట. నెమలి స్వయంగా వచ్చి రంగు అద్దిందా అనడిగాను."

"అడిగితే?"

"కొట్టువాడు నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు."

వెండెల్ ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సులు బాగుచేసి రిటైరైన మనిషి. బక్కగా, పొడుగ్గా ఉంటాడు. భార్య ఆర్లీన్ మంగళవారం నుంచి ఫ్లాగ్‌స్టాఫ్‌లో అక్క దగ్గర ఉంది. ఆ అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది. ఇవాళ శనివారం. ఇన్నాళ్లూ ఈయన ఫ్రిజ్‌లో గడ్డకట్టిన బరీటో రొట్టెల మీదే బతుకుతున్నాడని వంటింటి చెత్తబుట్ట చెబుతోంది.

"కానీ మేడమ్, ఒక్కచోట మాత్రం నేను గెలిచాను," అంటూ కుర్చీలో ముందుకి జరిగాడు. ఏడుపు మొహం ఎటు పోయిందో పోయింది. "కాలిచీ పడింది. అయిదడుగులు తవ్వేసరికి తెల్లగా బండ. దానికి ఒక్క సెంటు ఇవ్వలేదు!"

"ఒక్క సెంటూ?"

"ఒక్కటంటే ఒక్కటి. పూల్ కట్టే ఎఫ్రైన్‌ని మీరు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చోబెట్టాను. 'యంత్రం నీది, తలనొప్పి నీది, నేను మాత్రం ఇవ్వను' అన్నాను. రెండు రోజులు బిగుసుకున్నాడు. మూడో రోజు వచ్చి 'సరే సార్, ఉచితంగానే తవ్వుతాను' అన్నాడు. ఈ వీధిలో ఎవర్నైనా అడగండి. అందరికీ తెలుసు."

అందరికీ ఎలా తెలుసో అడగక్కర్లేదు. ఆయనే ఇల్లిల్లూ తిరిగి చెప్పి ఉంటాడు. నేను మాత్రం ఆ మాట విని ఐస్ టీ గ్లాసు కింద పెట్టేశాను. కాలిచీ అంటే మా నేలలో దాక్కుని ఉండే సున్నపు బండ. పేరుకు మట్టే గాని గునపం దిగదు. దాన్ని పగలగొట్టే యంత్రానికి గంటల లెక్కన డబ్బు పొయ్యాలి, ఎంతవుతుందో తవ్వితే గాని తెలీదు. ఒప్పందంలో ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాల మీద విడాకుల దాకా వెళ్లిన జంటలు నాకు తెలుసు. ఈ ప్రాంతంలో కాలిచీ ఉచితంగా తవ్విపెట్టే మనిషి ఇంకా పుట్టలేదు.

ఆ ఎఫ్రైన్ ప్రస్తుతం ఇంటి బయట నా ట్రక్కులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. లోపలికి రావడానికి వీల్లేదు. ఎందుకంటే అతను దొంగ అని వెండెల్ పోలీసులకి చెప్పాడు.

సంగతి ఇదీ. ఆర్లీన్‌కి వాళ్లమ్మ ఇచ్చిన హారం ఒకటుంది. నవహో తెగ కంసాలి చేసిన పాత వెండి పని, పిడికెడేసి నీలిరాళ్లు. దానికి పద్నాలుగు వేలకి ఇన్సూరెన్స్ ఉంది. మంగళవారం ఎఫ్రైన్ మనుషులు పూల్ లోపల ఆఖరి పూత వేసి, నిండడానికి నీళ్లు వదిలి వెళ్లారు. గురువారం వెండెల్ సొరుగు తెరిచి చూస్తే హారం లేదు. మంగళవారం రాత్రి ఎఫ్రైన్ ఒక్కడే మళ్లీ పెరట్లోకి రావడం కళ్లారా చూశానని వెండెల్ వాంగ్మూలం ఇచ్చాడు. సోమవారం పొద్దున కేసు నమోదవుతుంది. కేసు నమోదైతే ఎఫ్రైన్ లైసెన్సు ఆగిపోతుంది. సగం తవ్విన పూల్‌లు నాలుగున్నాయి అతని చేతిలో, పదకొండుమంది పనివాళ్లున్నారు. ఇరవై ఆరేళ్ల పేరు ఒక్క ఉదయంలో మట్టి కొట్టుకుపోతుంది.

పొద్దున్నే నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి అతను చెప్పింది ఒక్కటే మాట. "నేను తీయలేదు, మేడమ్. మీరు నమ్మితే చాలు, మిగతావాళ్లని మీరే నమ్మించుకుంటారు." పన్నెండేళ్ల కింద మా పూల్ కట్టింది అతనే. నమ్మకపోతే నా బతుకెందుకు!

"మంగళవారం రాత్రి మీరు చూసింది మళ్లీ చెప్పండి," అన్నాను వెండెల్‌తో.

"ఎన్నిసార్లు చెప్పను? రాత్రి పదకొండింటికి పడకగది కిటికీలోంచి చూశాను. పక్క గేటు తీసుకుని ఎఫ్రైన్ వచ్చాడు. కుళాయి దగ్గర వంగి నీళ్లు కట్టేశాడు. తర్వాత గాజు తలుపు వైపు నడిచాడు. నాకు నిద్ర ముంచుకొచ్చి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే నీళ్లు ఆగున్నాయి. నేనే మళ్లీ తిప్పాను."

"ఇంటి తాళాలన్నీ వేసే పడుకున్నారా?"

"గాజు తలుపొక్కటే వెయ్యలేదు. మిగతావన్నీ తొమ్మిదింటికే వేసేశాను. తాళాల సంగతిలో నేను చాలా ఖచ్చితం."

"పూల్ ఒకసారి చూడొచ్చా?"

"చూడండి. చూడ్డానికి డబ్బులు పుచ్చుకోను. మిగతా అందరూ పుచ్చుకున్నారు."

పెరట్లోకి నడిచాం. మే నెల ఎండ, పలకరాళ్లు కాలిపోతున్నాయి. పూల్ అందంగా ఉంది, ఒప్పుకోవాలి. లోతు తక్కువ వైపున వెడల్పాటి మెట్లు, పక్కన చెయ్యి పట్టుకోడానికి స్టీలు కడ్డీ, అంచుల్లో ఆర్లీన్ నెమలిరంగు. కొత్త పూత వల్ల పాలలా తెల్లబడ్డ నీళ్లు ఇప్పుడిప్పుడే తేటపడుతున్నాయి. ఆ తేటలోంచి, నీటి మట్టానికి బాగా కింద, నా నడుమంత ఎత్తున, గోడ చుట్టూ ఒక బూడిదరంగు చార కనపడింది. బొగ్గుతో గీసినట్టు చుట్టూతా ఒకే మట్టంలో ఉంది.

నేను మోకాళ్ల మీద కూర్చుని దాన్నే చూస్తున్నాను. వెనకనుంచి చప్పట్లు వినిపించాయి.

"డెల్లా ప్రూయిట్ ప్రార్థన చేస్తోంది! కేసు అంతదాకా వచ్చిందన్నమాట!"

తిరిగి చూడకుండానే తెలిసింది, గోర్డన్ పైక్ అని. ఇన్సూరెన్స్ కంపెనీ పరిశోధకుడు. ఒకప్పుడు ఇద్దరం ఒకే కంపెనీలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. నేను తేల్చిన కేసులు తన పేరుతో రాసుకునేవాడు. ఇంత ఎండలోనూ గంజి పెట్టిన తెల్లచొక్కా నలక్కుండా ఉంది. ఆ చొక్కా చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"చొక్కా బాగుంది పైక్. కొత్తదా, లేక ఇది కూడా ఎవరిదైనా తీసుకున్నావా?"

"నీ నోరు మాత్రం తగ్గలేదు. చూడు డెల్లా, ఎండలో ఎందుకు మాడిపోతావ్? కళ్లారా చూసిన సాక్షి ఉన్నాడు. దొంగకి పెరటి దారి తెలుసు, గేటు తెలుసు. కంపెనీ క్రౌడర్ గారికి పద్నాలుగు వేలూ ఇచ్చేస్తుంది. ఆ డబ్బు ఎఫ్రైన్ లైసెన్సు కోసం కట్టిన పూచీ సొమ్ములోంచి రాబట్టుకుంటుంది. సోమవారం అయిపోతుంది."

"నీ కంపెనీకి పైసా ఖర్చుండదు. నీకు శభాష్ అంటారు."

"అంటే వద్దంటానా?"

"పైక్, నీ ఇంట్లో పూల్ ఉందా?"

"అపార్ట్‌మెంట్లో ఉంటాను. మెట్ల పక్కన అందరికీ కలిపి ఒకటుంది."

"అదే అనుకున్నా. ఇలా రా. వెండెల్ గారూ, మీరు కూడా రండి. ఈ చార ఏమిటో చెప్పండి."

వెండెల్ చారని చూళ్లేదు. నా చెప్పులు చూశాడు. "ఎఫ్రైన్ నీళ్లు ఆపినందువల్ల పడిందది. పూత మొత్తం పాడైంది. మళ్లీ వెయ్యాలంటే తొమ్మిది వేలట. వాడు ఆపాడు కాబట్టి వాడే వెయ్యాలి. గురువారం పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను."

"హారం పోయిందని చూసుకోకముందేనా?"

"ఆ... ముందే."

పైక్ అర్థం కానట్టు మొహం పెట్టాడు. అతనికి విడమరిచి చెప్పాను. పూల్ లోపల ఆఖరి పూత వేశాక వెంటనే నీళ్లు వదలాలి. వదిలాక నిండేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే ఎక్కడ ఆగాయో అక్కడ పూత మీద చార పడుతుంది. ఎంత తోమినా పోదు. మా ప్రాంతంలో ఇది పిల్లలకి కూడా తెలుసు. పూల్ నిండే రోజు పక్కింటివాళ్లు తమ పైపులు గోడ మీంచి అందిస్తారు. పైపు మూతికి పాత సాక్సు తొడుగుతారు, నీటి ధార పూతని గీరకుండా.

"మా పూల్ నింపేటప్పుడు ఎఫ్రైన్ నాకేం చెప్పాడో తెలుసా? ఇల్లు తగలబడుతుంటే ఫైరింజన్‌ని పిలవండి, వాళ్లు నీళ్లడిగితే పక్కింటికి పంపండి, ఈ కుళాయి మాత్రం ముట్టుకోవద్దన్నాడు. అలాంటి మనిషి దొంగతనానికొచ్చి, దారిలో ఆగి, తన చేత్తో వేసిన పూత తనే నాశనం చేసుకుంటాడా?"

"చప్పుడు వినపడకూడదని కట్టేశాడేమో," అన్నాడు పైక్.

"నీళ్ల చప్పుడుంటేనే దొంగకి మంచిది కదయ్యా. అడుగులు వినపడవు."

"నువ్వు చెప్పేదంతా స్వభావం, డెల్లా. సాక్ష్యం కాదు. నాకు చేతికి తగిలే వస్తువు కావాలి."

"తగిలిస్తాను, పద."

కంచె పక్కన రెండు పైపులు ఇంకా అలాగే పడున్నాయి. రెంటి మూతికీ సాక్సులు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి పసుప్పచ్చది. ఆకుపచ్చది పట్టుకుని వెళ్తే పెరటి కుళాయి దగ్గర తేలింది. పసుప్పచ్చది పట్టుకుని గోడ వెంబడి నడిచాను. గ్యారేజీ పక్కతలుపు కింద సందులోంచి లోపలికి దూరింది. తలుపు లాగాను, తాళం వేసి ఉంది.

"ఇది తీస్తారా, వెండెల్ గారూ?"

నడుముకి వేలాడే గుత్తిలోంచి తాళంచెవి తీసి తెరిచాడు. పసుప్పచ్చ పైపు బట్టలు ఉతికే మిషన్ వెనక కుళాయికి బిగించి ఉంది.

"మంగళవారం రాత్రి రెండు పైపులూ పారుతున్నాయా?"

"పారుతున్నాయి. త్వరగా నిండుతుందని ఎఫ్రైనే బిగించాడు."

"ఎఫ్రైన్ రాత్రి వచ్చి కట్టేసింది ఏ కుళాయి?"

"పెరటిది. చెప్పానుగా, వంగి..."

"అప్పుడు ఇది పారుతూనే ఉండాలి కదా. ఇది పారుతుంటే పూల్‌లో నీళ్లు ఆగవు, కాస్త మెల్లగా పెరుగుతాయి. మెల్లగా పెరిగితే చార పడదు. చార పడిందంటే రెండు కుళాయిలూ ఎవరో కట్టేశారు. ఈ రెండోది ఎవరు కట్టారు?"

వెండెల్ చేతిలో తాళంచెవుల గుత్తి తిప్పసాగాడు. పైక్ చప్పున అందుకున్నాడు. సాక్షి చేజారిపోతున్నాడని అతనికి అర్థమైంది.

"తాళం తీసుంటాడు. ఇలాంటి తాళాలు గుండుసూదితో కూడా తీస్తారు."

"నా తాళమా?" వెండెల్ కస్సుమన్నాడు. "ఏం మాట్లాడుతున్నావయ్యా! ముప్ఫై ఏళ్లు బస్సుల డిపో తాళాలు చూసిన చేతులివి. నేను స్వయంగా బిగించాను. దీన్ని నా తాళంచెవితో నేను తప్ప ఎవడూ..."

అక్కడ ఆగిపోయాడు. పైక్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆ చొక్కా మీద మొదటిసారి చెమట మరక చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో దాచుకోను.

"చెప్పండి, వెండెల్ గారూ," అన్నాను.

ఆయన బట్టల మిషన్ మీద కూలబడ్డాడు.

"మీటరు, మేడమ్. నిద్ర పట్టక వీధిలోకెళ్లి మీటరు మూత తీసి చూశాను. ముల్లు బొంగరంలా తిరుగుతోంది. గోడకి డబ్బు, గ్యాసుకి డబ్బు, కంచెకి డబ్బు, ఇప్పుడు నీళ్లక్కూడా ఇలా పోతోందా అని గుండె దడ పుట్టింది. రాత్రికి ఆపుదాం, పొద్దున తిప్పుదాం అనుకున్నాను."

"రాత్రి ఆపితే నీళ్లు కలిసొస్తాయా? పూల్‌కి పట్టేవి అన్నే కదా?"

"ఆ సంగతి పొద్దున తట్టింది, మేడమ్."

నవ్వకూడదని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. పాపం, ఆయన కూడా కాస్త నవ్వాడు.

"చార పడ్డాక నాకు చెమటలు పోశాయి. ఇంటివాడే నీళ్లు ఆపితే హామీ చెల్లదని ఒప్పందంలో ఉంది. తొమ్మిది వేలు ఎక్కణ్ణించి తేను? అందుకే రాత్రి నువ్వే వచ్చి ఆపావని ఎఫ్రైన్‌తో ఫోన్లో అనేశాను. తర్వాత చూస్తే నిజంగానే హారం పోయింది! రాత్రి ఎవరైనా వచ్చారా అని పోలీసులడిగారు. అప్పటికే వచ్చాడని అనేశానుగా. కాదంటే చార సంగతి బయటపడుతుంది. పోనీలే, తీసింది వాళ్లలో ఎవడో ఒకడే కదా అనుకున్నాను."

నాకు నవ్వు ఆగిపోయింది, కోపం వచ్చింది. "ఒక కుళాయి దాచుకోడానికి ఒక మనిషిని దొంగని చేశారు."

ఆయన తల వంచుకున్నాడు.

పైక్ ఈలోగా తేరుకున్నాడు. "సరే. రాత్రి కథ అబద్ధం, ఒప్పుకుంటున్నా. కానీ డెల్లా, హారం మాత్రం లేదు, అది నిజం. మంగళవారం పగలంతా ఎఫ్రైనూ అతని మనుషులూ ఇక్కడే ఉన్నారు, గాజు తలుపు తెరిచే ఉంది. రాత్రి బదులు పగలు అని రాస్తాను, అంతే తేడా. సోమవారం సోమవారమే."

అతనన్నది తప్పు కాదు. హారం ఎక్కడుందో తేలేదాకా ఎఫ్రైన్ బయటపడడు. అప్పుడు నాకు పొద్దున్నుంచి గొంతులో అడ్డుపడుతున్న మాట గుర్తొచ్చింది. ఒక్క సెంటు ఇవ్వలేదట!

ఇద్దర్నీ పెరట్లో బల్ల దగ్గర కూర్చోమని చెప్పి ట్రక్కు దగ్గరికి వెళ్లాను. ఎఫ్రైన్ టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చుని తలుపు వేశాను.

"కుళాయి సంగతి తేలిపోయింది. ఆయనే కట్టుకున్నాడు."

"హమ్మయ్య," అన్నాడు. కానీ మొహం తేలికపడలేదు.

"ఇంకోటి చెప్పు. ఆయనకి కాలిచీ ఉచితంగా తవ్వావట?"

ఎఫ్రైన్ కిటికీ వైపు తిరిగాడు.

"పన్నెండేళ్ల కింద నా దగ్గర ప్రతి గంటకీ పుచ్చుకున్నావ్. నేను కన్నీళ్లు పెట్టుకున్నా తగ్గించలేదు."

"మీకు కన్నీళ్లు రాలేదు మేడమ్. తిట్లొచ్చాయి."

"మాట మార్చకు. ఆ బండ పగలగొట్టడానికి ఎంతయింది?"

"పదకొండు వేలు."

"ఎవరిచ్చారు?"

"మాటిచ్చాను, మేడమ్."

"ఎవరికి?"

పెదవి విప్పలేదు. విప్పక్కర్లేదు కూడా. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, ఒకాయన ఇవ్వలేదని ఊరంతా చాటింపు వేశాడు.

"ఎఫ్రైన్! నీ దగ్గర ఉన్న ఒక్క మాటతో ఈ కేసు పోతుంది. నోరు మూసుకుని జైలుకెళ్తావా?"

"ఆవిడ రేపు వస్తుంది మేడమ్. వస్తే ఆవిడే చెబుతుంది. అక్కయ్య ఆపరేషన్ హడావిడిలో ఉన్న మనిషిని ఇప్పుడెందుకు కంగారు పెట్టడం?"

"రేపు రాకపోతే? ఎల్లుండి సోమవారం."

"సోమవారం దాకానే అని మాటివ్వలేదు కదా, మేడమ్."

ఇలాంటి మనిషితో ఏం చేస్తాం? చెయ్యి పట్టుకుని ట్రక్కులోంచి దింపి పెరట్లోకి లాక్కొచ్చాను. అతన్ని చూసి వెండెల్ లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, ఎటు చూడాలో తెలియలేదు. నేను ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

"మీ ఆవిడ నంబరు చెప్పండి."

"వద్దు మేడమ్! అక్క ఆపరేషన్..."

"ఆపరేషన్ అక్కకి. మీ ఆవిడకి కాదు. చెప్పండి."

చెప్పాడు. ఆర్లీన్ రెండో రింగుకే ఎత్తింది. గొంతు గట్టిది, వెనక టీవీ మోగుతోంది. నేనెవరో చెప్పాను. అందరం వింటున్నామనీ చెప్పాను. పోలీసులు, దొంగతనం, ఎఫ్రైన్ అనగానే టీవీ మోత ఆగిపోయింది.

"ఎఫ్రైన్‌ని దొంగన్నారా? ఎవడా బుద్ధి తక్కువవాడు?"

వెండెల్ కుర్చీలో ఇంకా కిందకి జారాడు.

"హారం ఎక్కడుందో మీకు తెలుసా?" అన్నాను.

"ఎందుకు తెలీదు? మార్చిలోనే అమ్మేశాను. టక్సన్‌లో ఒక పాత నగల కొట్టులో. ఎఫ్రైన్ ట్రక్కులోనే వెళ్లాను. వద్దు వద్దని దారిపొడుగునా బతిమాలాడు పాపం."

ఆర్లీన్ ఒక నిట్టూర్పు విడిచింది.

"బండ పడిందని తెలిసిన రోజు వెండెల్ గొయ్యి పూడ్పించేద్దామన్నాడు. ఆ పూల్ అసలు నా కోసం, మేడమ్. నా తుంటికి నీళ్లలో నడిస్తే తప్ప నొప్పి తగ్గదన్నారు డాక్టర్లు. ఆయన అన్నీ వాయిదా వేసుకుని నా కోసం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగిపోతే ఆయన మొహం చూడలేను. అందుకే అమ్మి ఎఫ్రైన్‌కి ఇచ్చాను. ఉచితమని చెప్పమన్నాను. నేనిచ్చానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు. పైగా, మేడమ్, పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన బేరంలో గెలిచింది అదొక్కటే. కారు కొంటే ఎక్కువకి కొంటాడు, అమ్మితే తక్కువకి అమ్ముతాడు. ఆ రాత్రి ఎంత సంబరపడ్డాడో! వంటింట్లో నాతో డాన్సు చేశాడు."

వెండెల్ కళ్లు తుడుచుకున్నాడు. మెల్లగా లేచి ఎఫ్రైన్ ఎదుట నిలబడ్డాడు.

"నీకు తెలుసు. నిన్ను దొంగన్నప్పుడు కూడా తెలుసు. ఎందుకు చెప్పలేదయ్యా?"

ఎఫ్రైన్ టోపీ అంచు తిప్పుకుంటూ నిలబడ్డాడు. "ఆవిడకి మాటిచ్చాను సార్. ఇంకోటేమిటంటే, పక్కింటాయనకి మీరు కాలిచీ కథ చెబుతుంటే నేను గోడవతల పని చేసుకుంటున్నాను. అంత సంతోషంగా చెప్పుకునే మనిషిని చెడగొట్టాలనిపించలేదు."

"నేను నిన్ను చెడగొట్టానుగా," అన్నాడు వెండెల్. "ఇప్పుడే పోలీసులకి ఫోన్ చేస్తాను. నా అబద్ధం నేనే చెబుతాను. నీ మనుషులందరి ముందూ చెబుతాను."

"నేను కూడా చేస్తాను," అన్నాడు పైక్. ఆ మాట అతని నోట్లోంచి రావడానికి చాలా కష్టపడింది. "క్లెయిమ్ రద్దు. దొంగతనం లేదు, దొంగా లేడు." నా వైపు చూడకుండా ఇంకో మాట కలిపాడు. "ఈ కేసు నీ పేరుతోనే రాస్తాలే, డెల్లా."

నేను బదులు చెప్పేలోపు ఫోన్‌లోంచి ఆర్లీన్ గొంతు మళ్లీ లేచింది. ఈసారి నెమ్మదిగా ఉంది. ఆ నెమ్మది విని వెండెల్ ఉలిక్కిపడ్డాడు.

"అంతా బాగానే ఉంది గాని, వెండెల్. నా సొరుగు నువ్వెందుకు తెరిచావు?"

ఆయన నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. భార్యాభర్తల మధ్య దూరడానికి నేను ఫీజు తీసుకోలేదు.

"వెండెల్?"

"హారం అమ్ముదామని," అన్నాడు.

ఫోన్ వైపు ఇంకా వంగాడు.

"పూత పాడైంది, ఆర్లీన్. రాత్రి నీళ్లు ఆపేసి నేనే పాడుచేశాను. మళ్లీ వెయ్యడానికి తొమ్మిది వేలు. ఎఫ్రైన్ మీదికి తోస్తే అతను ఒప్పుకోలేదు. నువ్వు వచ్చేసరికి పూల్ బాగుండాలని... దిగడానికి నీకు మెట్లూ, పట్టుకోడానికి కడ్డీ కూడా పెట్టించాను కదా... నిన్ను అడిగే మొహం లేకపోయింది. దొంగతనంగా అమ్మేద్దామనుకున్నాను. క్షమించు."

నలుగురం ఫోన్ వైపే చూస్తున్నాం. ఆర్లీన్ దగ్గింది.

"ఎంతకి అమ్ముదామనుకున్నావు?"

"స్కాట్స్‌డేల్‌లో ఒకాయన్ని ఫోన్‌లో అడిగాను. ఆరు వేలు అన్నాడు. నేనూరుకుంటానా? అరగంట బేరమాడాను. ఆరున్నరకి ఒప్పించాను!"

"నేను పదకొండు వేల నాలుగొందలకి అమ్మాను," అంది ఆర్లీన్.

ముందు ఎఫ్రైన్ నవ్వాడు. టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వాడు. ఫోన్‌లో ఆర్లీన్ ఆపుకోలేక అక్కని పిలిచి మరీ చెబుతోంది. గురువారం నుంచి అన్నం సహించని ఎఫ్రైన్, అలా నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడి, తినడానికి ఇంట్లో ఏమైనా ఉందా అని వెండెల్‌నే అడిగాడు.

వెండెల్ ఫ్రిజ్ వైపు పరిగెత్తాడు.